రెండో వైపు

పిస్పాల కొండ దిగువ గోదాములో
ఆదివారం పాత సామాన్ల సంత.
తుప్పు పట్టిన స్కేటు బూట్లకీ
పిడి ఊడిన కాఫీ కెటిలుకీ మధ్య
రెండు యూరోలకి పడి ఉంది
నేను చంపిన రికార్డు.

చంపావని ఎవరూ అనలేదులెండి.
ఊరి పత్రికలో ఆరు లైన్లు రాశాను, అంతే.
డెబ్బై ఎనిమిది, నవంబరు.
నాకు ఇరవై రెండేళ్లు,
ఒంటి మీద ఇంకా అప్పు తీరని తోలు జాకెట్టు.
"కాలెర్వో లేని హల్లా, ఉప్పు లేని చేప"
అని మొదలెట్టాను.
ఆ ముక్క తంపెరె అంతా నవ్వుకుంటూ తిరిగింది.
ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు
నాకో బీరు కొనిచ్చాడు.

హల్లా అంటే
వేసవి రాత్రి చెప్పాపెట్టకుండా దిగి
బార్లీ చేలని మాడ్చేసే మంచు.
కాలెర్వో గొంతు అలాంటిదే.
అరిస్తే ముందు వరుస మొహాలు వాడిపోయేవి.
ఓ రాత్రి స్టాక్‌హోం ఓడెక్కేశాడు,
బ్యాండుకున్న ఒక్క మంచి ఆంప్లిఫయరూ
తనతో పట్టుకుపోయాడు.

అతని చోట తుయిరె వచ్చింది.
రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని.
అట్ట వెనక ఫోటోలో ఇప్పటికీ చూడొచ్చు,
మోచేతి దగ్గర పిండి మరక.

ముందు వైపు అట్ట మీద సైకిళ్లు.
రికార్డు పేరు కూడా 'చలికాలపు టైర్లు'.
ఐదుగురు మనుషులు, ఆరు సైకిళ్లు.
ఐదింటి సీట్లు తుడిచి ఉన్నాయి,
ఆరోదాని మీద జానెడు మంచు.
"వీళ్లకి లెక్క కూడా రాదు" అని రాశాను.
అది నా నాలుగో లైను.

నిన్న రాత్రి ముల్లు ఆనించాను.
మొదటి వైపు ఇప్పటికీ నచ్చలేదు నాకు.
వయసు మీద పడింది కదా అని అబద్ధం చెప్పను.
మూడో పాటలో ఆర్గన్ మరీ జిగురు,
గిటారు పాపం పోయినవాడి చొక్కా తొడుక్కున్నట్టు
భుజాల దగ్గర జారిపోతూ ఉంటుంది.

తర్వాత రికార్డు తిప్పాను.

అప్పుడు తిప్పలేదు.
నలభై ఏడేళ్లు నాలిక కింద దాచుకున్న మాట,
ఇదిగో, కక్కేశాను.
ఆరు లైన్లకి ఒక వైపు చాలనుకున్నాను.

రెండో వైపు నాలుగో పాట.
పల్లవి కొండలా లేస్తుంది.
సరిగ్గా కాలెర్వో అరిచే చోట
తుయిరె పాడదు.
నాలుగు దెబ్బల కాలం ఏమీ లేదు.
డ్రమ్ము లేదు, బేసు లేదు,
ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది.
ఆ ఖాళీలోంచి
పక్కింటివాళ్లు నిద్రలేస్తారేమో అన్నట్టు
ఆమె చిన్నగా మొదలెడుతుంది.
నా మెడ మీద వెంట్రుకలు
ఈ వయసులో కూడా లేస్తాయని తెలియదు నాకు.

తెల్లారి ఒస్మోకి ఫోన్ చేశాను.
డ్రమ్ముల ఒస్మో, ఇప్పుడు కుడి చెవి పనిచేయదు.
ఆ నాలుగు దెబ్బలు ఎవరి ఆలోచన, అనడిగాను.
"ఆలోచనా?
రాత్రంతా పొయ్యిల దగ్గర నిలబడి వచ్చింది పిల్ల.
ఊపిరి అందలేదు.
మేం ఆగాం."

ఇంకేం మాట్లాడాలో తెలీక
ఆరో సైకిలు ఎవరిదని అడిగాను.
"కాలెర్వోదే.
తిరిగొస్తే నడిచి రాకూడదు కదా."
కాసేపాగి అన్నాడు:
"ఉప్పు చేప రాసింది నువ్వే కదూ?"

నేనే, అన్నాను.
అతను దగ్గాడో నవ్వాడో.

మరుసటి వసంతానికే హల్లా విడిపోయింది.
తుయిరె పూర్తిగా ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది,
పదవీ విరమణ దాకా అక్కడే.
అంటే ముప్పై ఏళ్లు
నేను పొద్దున్నే వెన్న రాసుకుని తిన్న రై రొట్టె
ఆమె చేతి మీదుగా వచ్చిందే కావచ్చు.
దాని మీద మాత్రం
ఒక్క వంకా పెట్టిన గుర్తులేదు.

ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది.
దిద్దుబాటు వేసుకునే చోటు లేదు.
ముల్లు వెనక్కి తీసుకొచ్చి
నాలుగో పాట ముందు పెడతాను.
ఆ చోటు వచ్చేసరికి
నేనూ ఊపిరి బిగబట్టి
ఆగుతాను.